ఫోన్ పెట్టేసి వింటాను

యుమా, అరిజోనా
అక్టోబరు 9, 1997

చెల్లాయ్ ఐరీన్‌కి,

ఊపిరితిత్తులకి మంచిదని డాక్టరు నన్ను ఈ ఎడారికి తోలి మూడేళ్ళయింది. ఊపిరి బాగానే ఆడుతోంది. చెవులే పూర్తిగా మూతపడ్డాయి. ఫోను మోగినా తెలియదు కాబట్టి చెయ్యొద్దని నీకు వెయ్యిసార్లు చెప్పాను. ఉత్తరమే రాయి.

సంగతేమిటంటే, మన షాపులో పనిచేసిన స్టాన్ నిన్న ఒక పేపరు ముక్క కత్తిరించి పంపాడు. మన ఊరి పేపర్లో రేడియో కబుర్లు రాసేవాడు ఏమంటాడంటే, సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో కారులో నవ్వుకోవాలంటే కైజర్‌టౌన్ చెట్ ఫోను చేసేదాకా ఆగాలట. మన పేట కైజర్‌టౌన్, మన చెట్. నీ మొగుడు. ఇనుము కాల్చి కొట్టే ఫోర్జ్ షాపులో ముప్ఫయ్యేళ్ళు నా పక్క సుత్తి దగ్గర నిలబడి ఒక్కరోజు కూడా నన్ను నవ్వించని మనిషి. ముసలితనంలో వీడికి హాస్యం ఎక్కడ దొరికింది? ఏం మాట్లాడుతున్నాడో పూస గుచ్చినట్టు రాయి. వినే అదృష్టం నాకు ఎలాగూ లేదు.

ఆటల కబుర్లు చెప్పే ఆ బజ్ కెలెహర్ షోకి చేస్తున్నాడని మాత్రం నాకు కిట్టలేదు. సిన్సినాటి నుంచి దిగినవాడికి మన స్కాజాక్వాడా వాగు పేరు పలకడానికే నోరు తిరగదు, మన ఫుట్‌బాల్ టీముకి బుద్ధి చెబుతాడా? అదే రేడియోలో పొద్దున వచ్చే జంట ఒకళ్ళ జోకులకి ఒకళ్ళు నవ్వుకోవడానికే జీతం తీసుకుంటారు. మధ్యాహ్నం వాడు పాత ఆటగాడే, కానీ ఆడినవి మూడు మ్యాచ్‌లు, చెప్పేవి మూడు వందలు. షో అంటే వెనకటి ఆర్ట్ స్లోకమ్‌ది. పోయాక కూడా ఆయన నేర్పిన మర్యాద మన తరంవాళ్ళకి పోలేదు. ఫోను చేసేముందు గదిలో రేడియో కట్టేయాలి, లేకపోతే నీ గొంతే నీ మీదకి తిరిగొస్తుంది. చెప్పేది చెప్పాలి. అడిగేది ఒక్కటే అడగాలి. మిగతావాళ్ళు కాచుకుని ఉంటారు కాబట్టి ‘ఫోన్ పెట్టేసి వింటాను’ అని పెట్టేసి, రేడియోలో జవాబు వినాలి. చెట్ ఇంకా అలాగే చేస్తున్నాడా?

నీ అన్న,
నార్బ్


బఫెలో
అక్టోబరు 28, 1997

నార్బ్ అన్నయ్యకి,

స్టాన్‌కి వేరే పని లేదు.

పూస గుచ్చమన్నావు కదా, గుచ్చుతున్నాను. మూడున్నర కాగానే చెట్ వంటింట్లో రేడియో కట్టేసి గోడ ఫోను అందుకుంటాడు. స్టేషన్‌లో ఫోన్లు ఎత్తే రూడీ ‘లైన్లో ఉండు చెట్’ అంటాడు. ఆ లైన్లో పాటా ఉండదు, మాటా ఉండదు. పావుగంట నిలబడతాడు. వంతు వచ్చాక డెల్ ప్రుయిట్‌కి బంతి ఇవ్వమని చెబుతాడు. డెల్‌ని బెంచి మీద కూర్చోబెట్టి ఈ పిల్లకాయలని పరిగెత్తిస్తే గెలుస్తామా అని అడుగుతాడు. ‘ఫోన్ పెట్టేసి వింటాను’ అంటాడు. బజ్ పాతకాలపు ట్రాము గంట ఒకటి మోగిస్తాడు. నవ్వుతాడు. చెట్ రేడియో పెట్టుకుని తనూ నవ్వుతాడు.

ఆ ఆట గురించి నాకు తెలిసింది ఒక్కటే. ఆదివారం ఓడితే సోమవారం చెట్ సరిగ్గా తినడు. బజ్ గురించి నా అభిప్రాయం అడిగితే, ఆ మనిషి మాట్లాడుతుంటే నాకు గిన్నెలు గట్టిగా తోమబుద్ధవుతుంది. అంతకంటే చెడ్డవాడని అనలేను.

మేం బాగానే ఉన్నాం. శుక్రవారం చర్చిలో చేపల వేపుడుకి వెళ్ళాం. ఈసారి పిండి మరీ మందంగా పట్టించారు. చలి మొదలైంది.

ఐరీన్


యుమా
నవంబరు 8, 1997

ఐరీన్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివాను.

డెల్ ప్రుయిట్ ఆడటం మానేసింది అరవై తొమ్మిదిలో. చనిపోయి తొమ్మిదేళ్ళయింది. అంత్యక్రియలకి నేనూ చెట్ కలిసే వెళ్ళాం. వానలో నా టోపీ పోతే చెట్ తనది ఇచ్చాడు.

చెట్ హాస్యమాడుతున్నాడని నువ్వు రాయలేదు. వాళ్ళు నవ్వుతున్నారని రాశావు. ఏడేళ్ళప్పుడు అమ్మ పింగాణీ గిన్నె పగలగొట్టి, దాని గురించి తప్ప మిగతావన్నీ చెప్పావు చూడు, ఈ ఉత్తరం అలాగే ఉంది. చేపల వేపుడు గొడవ నాకెందుకు? ఏం జరుగుతోందో చెప్పు.

నార్బ్


బఫెలో
నవంబరు 30, 1997

అన్నయ్యా,

నీ దగ్గర ఏదీ దాగదు.

సెప్టెంబరులో డాక్టరు చెప్పాడు. ఆ జబ్బు పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు. అమ్మ చివరి రోజుల్లో ఉన్నట్టే. డాక్టరు చెబుతున్నంతసేపూ చెట్ కిటికీలోంచి బయట నిలిపిన కార్లు చూస్తూ కూర్చున్నాడు. తిరిగి వస్తూ ‘ఆయన చేతులు బాగా చల్లగా ఉన్నాయి’ అన్నాడు, అంతే. చెట్‌కి ఏమీ ఎక్కలేదు. ఎక్కకపోవడమే నయమని నేనూ మళ్ళీ ఎత్తలేదు. ఎత్తనివ్వను కూడా.

ఇంటి నంబరు మర్చిపోయాడు. అమ్మాయి నంబరు ఎప్పుడో పోయింది. రేడియో స్టేషన్ నంబరు మాత్రం వేళ్ళకి తెలుసు. రోజంతా గదులు తిరుగుతూ ఏదో వెతుకుతాడు. ఏమిటంటే చెప్పలేడు. మూడున్నరకి మాత్రం నేను పిలవకుండానే వచ్చి ఫోను దగ్గర నిలబడతాడు. ఆ పది నిమిషాలూ వెనకటి చెట్‌లా ఉంటాడు. వాళ్ళు నవ్వితే నవ్వుకోనీ అని పళ్ళు బిగపట్టుకున్నాను.

మొన్న మాంసం కొట్లో సాసేజీకి వరసలో నిలబడితే వెనకనించి ఎవడో ‘టింగ్ టింగ్’ అన్నాడు. నలుగురు నవ్వారు. చెట్ వెనక్కి తిరిగి టోపీ ఎత్తి దణ్ణం పెట్టాడు. సాసేజీ తీసుకోకుండా వచ్చేశాను. దారంతా ‘ఎందుకు ఏడుస్తున్నావ్, మనవాళ్ళు ఓడారా?’ అని అడుగుతున్నాడు.

షో మాన్పిస్తే చెట్‌కి మిగిలేది ఏమీ లేదు. మాన్పించకపోతే ఊరు నవ్వుతుంది. నాకు ఏ దారీ కనిపించడం లేదు. నువ్వు ఏమీ చెయ్యొద్దు. నాతో పాటు ఒకరికి తెలిసి ఉంటే చాలు.

ఐరీన్


యుమా
డిసెంబరు 9, 1997

ఐరీన్‌కి,

ఏమీ చెయ్యొద్దన్నావు. నీ ఉత్తరం వచ్చిన రోజే చేసేశాను. తిట్టుకో.

ఆ బజ్‌గాడికి నాలుగు పేజీలు రాశాను. చెట్ ఎలాంటి పనివాడో, సుత్తి కింద నా చెయ్యి పడబోతే ఎలా లాగాడో, ఇప్పుడు మతి ఎలా జారిపోతోందో అన్నీ రాశాను. జబ్బు మనిషిని చూసి గంట మోగించడానికి సిగ్గు లేదా, సిగ్గనేది ఉందా అని అడిగాను. వాడిలో మనిషి అనేవాడు ఉంటే గంట ఆపుతాడు. ఆర్ట్ అయితే నా ఉత్తరం అవసరం కూడా ఉండేది కాదు.

గంట ఆగితే చాలు కదా. ఫోను మాత్రం చేసుకోనీ.

నార్బ్


బఫెలో
డిసెంబరు 19, 1997

నార్బ్,

గంట ఆగింది.

సోమవారం చెట్‌కి బంగాళాదుంపలు, చాకు ఇచ్చి రేడియో పక్కన కూర్చోబెట్టాను. పియరోగి కుడుముల్లోకి కావాలి, పండగ దగ్గరికొచ్చింది. మూడింటికి బజ్ ఈ రోజు అరుపులు లేవన్నాడు. ఒక ఉత్తరం వచ్చిందన్నాడు. మొత్తం చదివాడు. నాలుగు పేజీలూ చదివాడు. ‘మా చెల్లెలి మొగుడికి మతి జారిపోతోంది, అవునయ్యా, జారిపోతోంది’ అని నువ్వు రాసింది ఊరంతా వినేలా చదివాడు. లేచి రేడియో కట్టేస్తే చెట్‌కి అనుమానం వస్తుందని అలాగే కూర్చున్నాను. చెట్ పేరు చదవడేమో అనుకున్నాను. చదివాడు. చివర్లో ముక్కు చీదాడు, అది నటన కాదు. తను సిగ్గుపడుతున్నానని, ఈ రోజు నించి చెట్ ఫోన్లు ఇక తీసుకోబోమని, మనిషి గౌరవం కోసం ఆ మాత్రం చెయ్యాలని అన్నాడు. ఆ వెంటనే టైర్ల ప్రకటన.

చెట్ చాకు కింద పెట్టాడు. ‘పాపం, ఎవడో గానీ కష్టమే’ అన్నాడు. టైము అడిగాడు. మూడున్నర కాగానే లేచి రేడియో కట్టేసి ఫోను తిప్పాడు. రూడీ ‘ఇవాళ లైన్లు ఖాళీ లేవు చెట్’ అన్నాడట. మంగళవారమూ అదే. బుధవారమూ అదే. ‘ఊళ్ళో జనం పెరిగారు’ అంటున్నాడు.

రెండు రోజుల్లో ఆరిళ్ళవాళ్ళు వంటలు తెచ్చారు. చర్చిలో పక్కింటావిడ చెట్ చెయ్యి పట్టుకుని పసిపిల్లాడితో మాట్లాడినట్టు గట్టిగా, నిదానంగా మాట్లాడింది. ఇదివరకు నవ్వేవాళ్ళు, ఇప్పుడు జాలిపడుతున్నారు. నవ్వే నయంగా ఉంది.

నువ్వు మంచికే చేశావు. బజ్ కూడా మంచికే చేశాడు. అందుకే ఎవర్నీ తిట్టడానికి వీల్లేకుండా పోయింది. కొన్నాళ్ళు రాయకు.

ఐరీన్


యుమా
డిసెంబరు 27, 1997

ఐరీన్,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, నారింజపళ్ళ పెట్టెలో చీటీ.

ఆ మాట రెండుసార్లు రాసినందుకు రోజూ నా చెయ్యి నేనే కొట్టుకుంటున్నాను. పళ్ళు చెట్‌కి వలిచి ఇవ్వు. గింజలుంటాయి, తీసెయ్.

నార్బ్


బఫెలో
ఫిబ్రవరి 11, 1998

అన్నయ్యా,

పళ్ళు తియ్యగా ఉన్నాయి. కోపం క్రిస్మస్‌కే పోయింది, చెప్పడానికి బద్ధకించాను.

ఒక విడ్డూరం జరిగింది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

రూడీకి రోజూ అబద్ధమాడటం చేతకాలేదు. ‘లైన్లో ఉండు చెట్’ అని, షోలో వాడని ఆఫీసు లైన్లో పెట్టి వదిలేయడం మొదలుపెట్టాడు. చెట్‌కి అది పాత మాటే కదా, సంతోషంగా నిలబడేవాడు. గంటసేపు. గంటన్నరసేపు. ‘తర్వాత నాదే’ అనేవాడు. సూప్ చల్లారి మీగడ కట్టేది. కుర్చీ వేస్తే కూర్చోడు, ఆర్ట్ దగ్గర ఎవరూ కూర్చుని మాట్లాడేవాళ్ళు కాదట.

జనవరి నెలాఖరున నాకు ఓపిక పోయింది. రూడీ లైన్లోకి వస్తే ఇక చెయ్యొద్దని మెల్లగా చెప్పమందామని మేడ మీద పడకగదిలో అదే లైనుకి ఉన్న రెండో ఫోను ఎత్తాను. క్లిక్‌మంది. చెట్ ‘హలో, నా వంతు వచ్చిందా?’ అన్నాడు.

‘హలో?’ అన్నాడు మళ్ళీ. ఆ గొంతులో ఉన్న ఆశ నువ్వు వినలేదు. వింటే నువ్వూ అదే చేసేవాడివి.

‘వచ్చింది, చెప్పండి’ అన్నాను.

‘ఆడగొంతు వినిపిస్తోందే. మీరు కొత్తా అమ్మా?’

‘కొత్తే.’

‘మంచిదే. ఆ పాతతను ఊరికే అరుస్తాడు.’

డెల్ గురించి చెప్పాడు. నేను ‘ఊఁ’ అన్నాను. అరవై నాలుగులో మంచులో ఆడిన ఆట మొత్తం చెప్పాడు, ఎవరు ఎటు పరిగెత్తాడో కూడా తడుముకోకుండా. నలభై ఒక్కేళ్ళ కాపురంలో నాకు ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదనుకుంటాను. చివర్లో ‘డెల్‌కి బంతి ఎప్పుడిస్తారు? ఫోన్ పెట్టేసి వింటాను’ అని పెట్టేశాడు. నేను కిందికి దిగేసరికి రేడియో దగ్గర ఉన్నాడు. అప్పటికే ఏం అడిగాడో మర్చిపోయాడు. నన్ను చూసి ‘ఏమోయ్, కొత్తావిడ వచ్చింది. ఆట తెలియదు, కానీ అడ్డం రాదు’ అన్నాడు.

అప్పట్నించీ రోజూ మూడున్నరకి మేడెక్కుతున్నాను. రూడీకి చెప్పాను. ఆ లైను మాకే వదిలేశాడు. నా మొగుడు నన్ను ‘మీరు’ అంటున్నాడు, ‘అమ్మా’ అంటున్నాడు. నవ్వొస్తోంది, సిగ్గేస్తోంది. కిందికొస్తే మాత్రం ఏమోయ్ అంటాడు. పెళ్ళికి ముందు పార్కులో అలాగే పిలిచేవాడు, క్రిస్మస్ నించి మళ్ళీ మొదలెట్టాడు. ఈ వయసులో సరసమేమిటని పైకి అంటాను గానీ నాకు బాగానే ఉంది.

ఇది మోసమా?

ఐరీన్


యుమా
ఫిబ్రవరి 20, 1998

ఐరీన్‌కి,

మోసమో కాదో ఫాదర్‌ని అడుగు. నేను రేడియో సంగతి చెబుతాను, అది నాకు తెలుసు.

నువ్వు ‘ఊఁ’ కొట్టడం చాలదు. ఆర్ట్ ఏం చేసేవాడో చెబుతా విను. అవతలివాడు ఆగగానే తను అందుకునేవాడు కాదు. మనసులో మూడు లెక్కపెట్టేవాడు. ఆ మూడు లెక్కపెట్టేలోపు అసలు మాట బయటికి వచ్చేది. పీట్ అని ఒకడు కోచ్‌ని తిట్టడానికి ఫోను చేసి, ఆ మూడులో భార్య వెళ్ళిపోయిందని చెప్పాడు. ఊరంతా విన్నాం. ఎవరూ నవ్వలేదు. ఇప్పటివాళ్ళకి ఆ మూడు లెక్కపెట్టేంత ధైర్యం లేదు. ఖాళీ వస్తే గంట మోగిస్తారు.

నువ్వు లెక్కపెట్టు. మంచి హోస్టువి అవుతావు. నాకు చెవులుంటే నీ షోకి రోజూ ఫోను చేసి సతాయించేవాణ్ణి.

నార్బ్


బఫెలో
మార్చి 27, 1998

అన్నయ్యా,

నిన్న నువ్వు చెప్పినట్టు లెక్కపెట్టాను.

డెల్ అయిపోయాడు, మంచు అయిపోయింది. చెట్ ఆగాడు. నేను ఒకటి అనుకున్నాను. రెండు అనుకున్నాను. మూడు అనేలోపు గొంతు తగ్గించి ‘ఇంకో సంగతమ్మా. ఆట గురించి కాదు. పర్వాలేదా?’ అన్నాడు.

పర్వాలేదన్నాను.

‘డిసెంబరులో మీ పాతతను ఒక ఉత్తరం చదివాడు. మతి జారిపోతున్నవాడి గురించి. అది నేనే. మా బావమరిది నార్బ్ రాశాడు. ఏ మాటైనా రెండుసార్లు అంటే గానీ వాడికి తృప్తి ఉండదు, పేరు చదవకముందే అక్కడే పట్టేశాను. పక్కన మా ఆవిడ ఉంది. బిగుసుకుపోయింది. అందుకని ఎవడో పాపం అన్నాను.’

నేను మంచం అంచు పట్టుకున్నాను.

‘డాక్టరు చెప్పినరోజూ విన్నాను. బయట పదకొండు కార్లున్నాయి. నాకు తెలియలేదని మా ఆవిడ అనుకుంటోంది. అలా అనుకుంటేనే తనకి తేలిక అని ఊరుకున్నాను. ఇప్పుడు ఇబ్బంది వచ్చింది. పొద్దున లేస్తే తన పేరు రావడం లేదమ్మా. కాఫీ అయ్యేదాకా పడుతోంది. కొన్నాళ్ళు సాయంత్రం దాకా రాదు. వచ్చేదాకా ఏమోయ్ అని నెట్టుకొస్తున్నాను.’

అన్నయ్యా, నేను దాన్ని సరసమనుకున్నాను.

‘అది కూడా పోయే రోజు వస్తుంది కదా. ఆలోపు తనకి నేనే చెప్పేయాలా, ఇలాగే నటిస్తూ పోవాలా? మీరూ ఆడవాళ్ళే, మీకు తెలుస్తుంది. మా ఆవిడకి మాత్రం ఈ మాట తెలియనివ్వకండి. ఇక్కడొక్కచోటే మాట్లాడగలుగుతున్నాను.’

నేను నోరు తెరిచాను. ‘మిగతావాళ్ళు కాచుకుని ఉంటారు, ఫోన్ పెట్టేసి వింటాను’ అని పెట్టేశాడు.

చేతిలో ఫోను అలాగే ఉంది. జవాబు చెప్పడానికి నాకు రేడియో లేదు. కిందికెళ్ళి చెట్ ఎదురుగా నిలబడి ‘నాకు తెలుసు’ అంటే, పైన ఉన్నది నేనేనని తెలిసిపోతుంది. మాట్లాడుకునే ఆ ఒక్కచోటూ పోతుంది. చెప్పకపోతే ఆ భారం ఒక్కడే మోస్తాడు. మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

మర్చిపోయి ఉంటాడులే అని దిగాను. మర్చిపోలేదు. రేడియో పెట్టుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నేను పలకరించబోతే వేలెత్తి ఆగమన్నాడు. బజ్ హాకీ గోల్‌కీపర్ మోకాలి గురించి అరుస్తున్నాడు. ఇంకెవరో ఫోను చేశారు. టైర్ల ప్రకటన వచ్చింది. చెట్ చెవి రేడియోకి ఆనించాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని చెట్ చెయ్యి పట్టుకున్నాను. తనూ పట్టుకున్నాడు, కళ్ళు మాత్రం రేడియో మీదే ఉన్నాయి. నాలుగున్నర నించి ఏడింటి దాకా అలాగే కూర్చున్నాం. పొయ్యి వెలిగించలేదు.

ఏడింటికి షో అయిపోయి వార్తలు మొదలయ్యాయి. చెట్ లేచి రేడియో కట్టేశాడు.

‘ఏమోయ్, ఆ కొత్తావిడ బాగానే వింటుంది’ అన్నాడు. ‘జవాబు మాత్రం చెప్పదు.’

ఐరీన్